నీలం తలుపుల ఇంట్లో మా వదిన

గ్రీసు దేశం ఎక్కడుందో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. భీమిలిలో మా ఇంటికి గ్రీసు రంగులు వేయించింది మాత్రం నేనే. గోడలకి తెలుపు, తలుపులకీ కిటికీలకీ నీలం. వీధిలో వాళ్ళు మేమేదో ఆసుపత్రి పెడుతున్నామనుకున్నారు. రెండు వానాకాలాలు వెళ్ళేసరికి ఆ తెలుపంతా ఉప్పుగాలికి చారలు కట్టింది, నీలం పెచ్చులు లేచింది. ఎవరైనా అడిగితే మా ఆయన "మా ఆవిడ సరదా పడింది" అంటారు. అవునండీ, నా సరదాయే. మరి తమరేం చేశారు అని నేనడిగితే టీవీ సౌండు పెంచుతారు.

ఆయన స్టీలు ప్లాంటులో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి భీమిలి వచ్చేశాం. పోర్టులో ఫిట్టరుగా చేసిన మా మామగారు కట్టించిన ఇల్లది. కింద నాలుగు గదులు, మేడ మీద రెండు. మేడ మీంచి చూస్తే సముద్రం. మేం వచ్చేసరికి మామగారూ అత్తగారూ లేరు. మా ఆయన అక్క ఒక్కతే ఉంది. మంచాన పడ్డ అత్తగారికి నాలుగేళ్ళు చాకిరీ చేసి సాగనంపింది ఆవిడే. నేను అప్పుడప్పుడూ క్వార్టర్సు నుంచి బత్తాయిలు పట్టుకుని వచ్చి, సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్ళిపోయేదాన్ని. అలాంటి నేను సామాను లారీలో వేసుకుని దిగగానే వదిన బీరువా తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను. మీ దగ్గరే ఉంచండి వదినా అని మాటవరసకైనా అనలేదు.

ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడకి పెందుర్తిలో మొగుడున్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు, అంతే. పిల్లలు పుట్టలేదని ఇంకొకావిడని ఇంట్లోకి తెచ్చుకున్నాడు. వదిన ఒక సంచీ పట్టుకుని భీమిలి బస్సెక్కేసింది. వీధిలో అడిగినవాళ్ళందరికీ మా అత్తగారు "పది రోజులుండి ఎల్తాది" అని చెప్పింది. మర్నాడూ అదే చెప్పింది, మరుసటేడూ అదే చెప్పింది, పోయేదాకా అదే చెప్పింది. మా ఇళ్ళలో ఇదొక రోగం. పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింటికి చుట్టపుచూపుగా రావాలి. వచ్చి ఉండిపోయిందని ఒప్పుకుంటే ఇంటి పరువు పోతుందట. అందుకని వదిన రేషను కార్డు పెందుర్తిలోనే ఉంది, ఓటు పెందుర్తిలోనే ఉంది, ఆధారు కార్డు మీద ఆ మొగుడి ఇంటి నంబరే ఉంది. ఎన్నికలొస్తే పొద్దున్నే తలంటుకుని రెండు బస్సులు మారి పెందుర్తి వెళ్ళి, ఆ వీధి బడిలో, ఆ రెండో ఆవిడ నిలబడ్డ లైన్లోనే నిలబడి ఓటేసి వచ్చేది. వచ్చి బావి దగ్గర చాలాసేపు కాళ్ళు కడుక్కునేది.

ఒకసారి ఆవిడే తమ్ముణ్ణి అడిగింది, ఆ ఆధారేదో ఇక్కడికి మార్పించెయ్యరాదా, ఆ వీధిలోకి వెళ్ళలేకపోతున్నానని. మా ఆయన చూద్దాం అన్నారు. గదిలోకొచ్చి నాతో మెల్లిగా, ఇక్కడి అడ్రసు పడితే రేపు ఇంట్లో వాటా మాట వస్తుంది అన్నారు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. లోపల మాత్రం అమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు నిజమే రాస్తున్నాను కాబట్టి అదీ రాసేస్తున్నాను.

ఆ రోజుల్లోనే మధురవాడలో కొత్తగా తెరిచిన ఒక టూరు కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మా అమ్మాయి వయసే ఉంటుంది. మా అమ్మాయికి పెళ్ళయి పుణె వెళ్ళిపోయింది కాబట్టి ఆ వయసు పిల్ల గుమ్మంలో కనిపిస్తే చాలు, నేను కుర్చీ వేసేస్తాను. సముద్రం కనిపించే పాత ఇళ్ళ కోసం వెతుకుతున్నామంది. ట్యాబులో గ్రీసు దేశపు దీవుల ఫోటోలు చూపించింది. తెల్లటి ఇళ్ళు, నీలం తలుపులు, గుమ్మంలో నల్లబట్టల ముసలావిడ చేతిలో రొట్టె. అక్కడికి సెలవులకి వెళ్ళినవాళ్ళు పెద్ద హోటళ్ళకి పోరట. ఇంటివాళ్ళే గదులిచ్చి, ఇంటివాళ్ళే వండిపెట్టే చోటు ఎక్కడుందో ఊరంతా అడిగి పట్టుకుంటారట. నిజమైన కుటుంబం ఉన్న ఇల్లు దొరకడమే కష్టమట. మన భీమిలికీ అలాంటి పేరు రావాలి ఆంటీ అంది. నేను అప్పటికే మనసులో తలుపులకి రంగు వేసేస్తున్నాను. వదిన నా భుజం మీంచి వంగి ఆ ముసలావిడని చూసి, "పాపం, ఈవిడికి ఎవరు పోయారో" అంది. ఆ అమ్మాయి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఈ మాటతీరుతో రేపు వచ్చేవాళ్ళ ముందు పరువు తీస్తుంది కదా అనుకున్నాను.

మాది గోదావరి వైపు. మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికని ఇటు వచ్చాడు. ఇటువైపే పెరిగి, ఇటువైపువాణ్ణే కట్టుకుని కూడా ఇక్కడి మాటని నేను ఎప్పుడూ ఒక మెట్టు కిందే చూశాను. ఎందుకో అడక్కండి. ముప్ఫయ్యేళ్ళు ఫలానా వారి భార్యగా క్వార్టర్సులో ముగ్గులు పెట్టుకుని బతికినదాన్ని, నాకంటూ ఒక పేరు కావాలనిపించింది. ఫలానా ఆవిడ నడుపుతున్న హోమ్‌స్టే అని నలుగురూ అనుకోవాలి. తప్పా? ఆ కోరిక తప్పని ఇప్పటికీ అనను. దానికోసం నేనేం చేశానన్నది వేరే సంగతి.

మేడ మీద సముద్రం కనిపించే గది వదినది. ఖాళీ చెయ్యమని నేను అడగలేదు. అడిగే అవసరం రాకుండా ఆవిడే పరుపు చుట్టుకుని వంటింటి పక్కనున్న సామాన్ల గదిలోకి దిగిపోయింది. "నాకెందుకమ్మీ సముద్రం, రోజూ సూసిందే కదేటి" అంది. ఎంత మంచిదో మా వదిన అని నేను పక్కింటావిడకి కూడా చెప్పాను. మంచితనం అని పేరు పెడితే మనం తీసుకోవడానికి సులువుగా ఉంటుంది.

రిజిస్ట్రేషను కాగితాల కోసం నేనూ మా ఆయనా మధురవాడ ఆఫీసుకి వెళ్ళాం. ఆ అమ్మాయే కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్కటీ అడుగుతూ టైపు కొట్టుకుంటోంది. ఇంట్లో ఎవరెవరుంటారు అంది. చెప్పాం. ఆధారులు ఇమ్మంది. ఇచ్చాం. వదిన కార్డు చూసి ఆగింది. పెందుర్తి అడ్రసు, వేరే ఇంటిపేరు. ఐడీ మీద ఇదే అడ్రసు ఉంటేనే కుటుంబం కింద వస్తుందనీ, లేకపోతే పనివాళ్ళ కింద చూపించాలనీ చెప్పింది. పోలీసు వెరిఫికేషనుకి అలా అడుగుతారట. ఆ పిల్లే మళ్ళీ, "అడ్రస్ మార్పించేసుకోండి ఆంటీ, రెండు మూడు వారాల్లో వచ్చేస్తుంది, అప్పటిదాకా మేం ఆగుతాం" అంది.

ఆగుతామంది. ముక్కూ మొహం తెలియని పిల్ల మా వదిన కోసం ఆగుతానంది. నేను మా ఆయన మొహంలోకి చూశాను. ఆయన ఏసీ వైపు చూస్తున్నారు, దాన్ని ఎప్పుడూ చూడనట్టు. ఆ పై వారం వరస సెలవులొస్తున్నాయి. అప్పటికి మొదలుపెట్టకపోతే పక్క వీధిలో ఇంకొకాయన మొదలుపెట్టేస్తాడని నాకు ఒకటే గాభరా. మూడు వారాలు ఆగడం అటుంచి, ఆ కార్డు మీద మా ఇంటి నంబరు పడటం మా ఇద్దరికీ ఇష్టం లేదు. "అక్కర్లేదమ్మా, వంటమనిషి అని రాసెయ్యి. కాగితం మీదే కదా" అన్నాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం నాకేసి చూసి అలాగే టైపు కొట్టేసింది. బయటికి వచ్చాక మా ఆయన స్కూటరు తీస్తూ, అక్కకి చెప్పక్కర్లేదులే అన్నారు. అంతే, ఆ విషయం మీద మేమిద్దరం మాట్లాడుకున్నది.

ఫోటోలు తీయడానికి మనిషి వస్తాడని చెబితే వదిన ఆ పొద్దున్న పట్టుచీర కట్టుకుంది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. ఆవిడ పెళ్ళికి మా మామగారు కొన్నది. కనకాంబరాలు పెట్టుకుంది. నన్ను పిలిచి కూర్చోబెట్టి నాకూ పెట్టింది. ముగ్గురం నీలం గుమ్మం ముందు నిలబడ్డాం, ఆయన మధ్యలో, అటు అక్క, ఇటు నేను. ఫోటో తీసే అతను ఫోన్లో ఏదో చూసుకుని, వంట ఆంటీది విడిగా కిచెన్లో తీస్తానన్నాడు. వదిన నవ్వేసింది. పాపం ఏదో పొరబడ్డాడనుకుంది. "నాను వంట ఆంటీని కాదు బాబూ, ఈడి అక్కని" అంది. అతను మళ్ళీ ఫోను చూసుకున్నాడు. దాన్ని నావైపు తిప్పి, ఇక్కడ అలా ఉంది మేడమ్ అన్నాడు. కుటుంబం ఇద్దరు, పనివాళ్ళు ఒకరు.

వదిన నావైపు చూడలేదు. తమ్ముడి మొహంలోకి చూసింది. ఆయన జేబులో కళ్ళజోడు వెతుక్కున్నారు. కళ్ళజోడు మొహాన్నే ఉంది. అప్పుడైనా నేను నోరు తెరిచి, అది తప్పు పడిందయ్యా, ఈవిడ మా ఇంటి ఆడపడుచు, ముగ్గురికీ తియ్యి అని ఉంటే అక్కడితో పోయేది. నేనన్నదేమిటంటే, ఎండెక్కిపోతోంది, ముందు మా ఇద్దరిదీ తీసెయ్యండి. వదిన గడప దిగి పక్కకి వెళ్ళింది. తర్వాత వంటింట్లో ఫోటోకి అతను, పట్టుచీర వద్దాంటీ, రోజూ కట్టేది కట్టుకుంటే సహజంగా ఉంటుంది అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి వెలిసిపోయిన నేత చీర కట్టుకుని వచ్చింది. కనకాంబరాలు కూడా తీసేసింది. అవి తియ్యమని అతను అనలేదు.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే నేనూ నాలుగు మాటలని, ఆవిడా నాలుగని, సాయంత్రానికి కాఫీ ఇచ్చి సర్దేసుకోవచ్చని కూడా లెక్కేసుకున్నాను.  ఆవిడ మధ్యాహ్నం ఎప్పటిలాగే వండింది. ఎప్పటిలాగే మా ఇద్దరికీ వడ్డించింది. తను మాత్రం మాతో కూర్చోలేదు. మేం లేచాక వంటింటి గడప దగ్గర నేలమీద కూర్చుని తింది.

మొదటి అతిథులు దిగారు. రాయపూరు నుంచి మొగుడూ పెళ్ళాం, ఆవిడ తల్లి. ముందు గదిలో కూర్చున్న ఆ తల్లి టీ అడిగితే వదిన వంటింట్లోంచి వచ్చి నా ముందు నిలబడి, "అమ్మగారూ, టీ ఇప్పుడెట్టమంటారా, కాసేపు ఆగి ఎట్టమంటారా" అంది.  అతిథులు మేడెక్కాక వంటింట్లోకి వెళ్ళి గట్టిగానే అడిగాను, ఏమిటి వదినా ఈ ఎకసెక్కాలు అని. ఆవిడ చేపముక్కలకి ఉప్పూ పసుపూ పట్టిస్తూ తలెత్తకుండానే చెప్పింది.

"ఎకసెక్కం కాదమ్మీ. నేర్సుకుంతన్నాను."

ఆ తర్వాత అతిథులు లేనప్పుడు అమ్మీ, ఉన్నప్పుడు అమ్మగారు. ఒక్కసారి కూడా పొరబడలేదు. నాకు ఎంత కడుపు మండేదో చెప్పలేను. నన్ను పది మందిలో కొడుతోందనిపించేది. కానీ ఆ పది మందికీ అది దెబ్బలా కనిపించదు కదా. వాళ్ళకి ఆవిడ వంటమనిషి, నేను అమ్మగారిని. సరిపోయింది.

ఇంకో విచిత్రం చెబుతాను. వచ్చినవాళ్ళెవరూ నా కోసం రాలేదు. నేను బెంగళూరు నుంచి తెప్పించిన కర్టెన్లు ఎవరూ చూడలేదు. అందరూ వంటింట్లో చేరేవాళ్ళు. వదిన పులుసు మట్టిదాకలో పెట్టేది. గరిటె పెడితే ముక్క చెదిరిపోతుందని దాకనే గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పేది. దాన్ని వీడియో తీసుకునేవాళ్ళు. కంచం ముందు కూర్చున్న ప్రతివాళ్ళనీ మీ అమ్మ ఏ కూర బాగా వండేది అని అడిగేది. భాష రాకపోయినా ఎలాగో అడిగేసేది. వాళ్ళు ఎలాగో చెప్పేసేవాళ్ళు. వెళ్ళేముందు ఆడవాళ్ళకి బొట్టు పెట్టి పండో కాయో చేతిలో పెట్టేది. ఏ మాటతో ఆవిడ నా పరువు తీస్తుందని భయపడ్డానో, ఆ మాట కోసమే వాళ్ళు మళ్ళీ వస్తామనేవారు. రివ్యూల్లో అందరూ రాసింది ఆవిడ గురించే. ఇంటివాళ్ళు మర్యాదస్తులు, వంటావిడ మాత్రం అమృతం అని ఒకరు. మాతో కూర్చుని మాట్లాడింది వంటావిడ ఒక్కర్తే అని ఇంకొకరు. కంపెనీ అమ్మాయి ఫోను చేసి, మన ఇళ్ళన్నిటిలోకీ అసలైన ఫ్యామిలీ స్టే అని మీకే పేరొస్తోంది ఆంటీ అంది. నేను థ్యాంక్స్ చెప్పాను. సిగ్గులేకపోతే సరి.

ఏడాది గడిచాక ఒక శనివారం ఒకావిడ తన అక్కతో వచ్చి రెండు రోజులు ఉంది. మధురవాడలో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలకి హాస్టలు నడుపుతుందట. మంచిమనిషే. ఆదివారం టిఫినయ్యాక నా పక్కన కూర్చుని, ఏమీ అనుకోనంటే ఒక మాట అడుగుతాను అంది. వాళ్ళ హాస్టల్లో వంట చేసేవాళ్ళు నిలవడం లేదట. పిల్లలు అన్నం పారేసి బయట తింటున్నారట. "మీ వంటావిడని మా దగ్గరికి పంపిస్తారా? మీ అనుమతి లేకుండా ఆవిడని అడగడం పద్ధతి కాదని ముందు మీతో అంటున్నాను" అంది.

ఆవిడ పద్ధతిగల మనిషి. పద్ధతిగానే నా పీక మీద కత్తి పెట్టింది. కాదండీ, ఆవిడ మా వదిన అని చెప్పాలి. చెబితే మరి వంటమనిషి అని ఎందుకు పెట్టారు అంటుంది. గుమ్మంలో మా ఇద్దరి ఫోటో ఫ్రేము కట్టించి పెట్టాను, అందులో ఆవిడ ఎందుకు లేదు అంటుంది. ఏడాదిగా నన్ను అమ్మగారూ అని ఎందుకు పిలుస్తోంది అంటుంది. ఇంతమందికి ఇన్నాళ్ళు చెప్పిన అబద్ధాన్ని ఒక్క ముక్కలో ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక, ఆవిడ ఇష్టమండీ, అడిగి చూడండి అన్నాను, నవ్వుతూ. వదిన ఒప్పుకోదని నాకు గట్టి నమ్మకం. ఎక్కడికి పోతుంది? పోవడానికి ఆవిడకి ఏ చోటూ లేదన్న నమ్మకం మీదే కదా మేం అన్నీ చేసింది.

హాస్టలావిడ వెళ్ళిపోయాక వదిన చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. మా ఆయన పేపరు చదువుతున్నారు. నేను అక్కడే ఉన్నాను.

"తమ్ముడా, ఆవిడ రమ్మంతంది. ఎల్లమంటావేటి?"

అలా అడిగి అక్కడే నిలబడింది. ఆవిడ అడిగింది వెళ్ళడానికి కాదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. వద్దక్కా, ఇది నీ ఇల్లు అని ఒక్క మాట వినాలని నిలబడింది. ఈ ఇంట్లో అన్నేళ్ళూ ఆ మాట ఎవరూ ఆవిడతో అనలేదు, కన్నతల్లి కూడా. పేపరు వెనకనుంచి మా ఆయన, "నీ ఇష్టం అక్కా" అన్నారు. వదిన నా వంక తిరిగింది. నాకు చెప్పాలనే ఉంది. నోటిదాకా వచ్చింది. మళ్ళీ అంతలోనే, మంచిగా బతిమాలితే నెత్తికెక్కుతుందేమో, రెండు రోజులు పోయాక చూద్దాంలే అన్న పాడు ఆలోచన. "ఆలోచించుకోండి వదినా, తొందరేముంది" అన్నాను.

ఆవిడ మంగళవారం పొద్దున్న వెళ్ళిపోయింది. రెండు రోజులకి సరిపడా పులుసు పెట్టి, ఆవపిండి సీసా నింపి, చేపలు తెచ్చే ఆవిడకి రేపట్నుంచి అమ్మీని అడుగు అని చెప్పి, సంచీ పట్టుకుని బస్సుస్టాండుకి నడిచింది. స్కూటరు మీద దింపుతానని మా ఆయన లేచారు. వద్దంది. ఆయన కూర్చున్నారు. ఆ మనిషి అంత తేలిగ్గా కూర్చోగలడని నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళకి తెలిసింది.

తర్వాత సంగతి వేరే చెప్పాలా? వంటకి ఒకరిని పెట్టాను, మానేసింది. ఇంకొకరిని పెట్టాను, కూరంతా ఉప్పు. నేనే వండాను. నా వంట బాగానే ఉంటుంది, కానీ మీ అమ్మ ఏ కూర వండేది అని పరాయివాళ్ళని అడగడం నాకు చేతకాదు. ఒకసారి అడిగాను కూడా. పోలీసువాడు అడిగినట్టుంది. వచ్చినవాళ్ళు గదుల్లోనే తిని, గదుల్లోనే ఉండి పోయేవాళ్ళు. ఇల్లు శుభ్రంగా ఉంది, కుటుంబం కనిపించలేదు అని రాశారు. నాలుగు నెలలు తిరక్కుండానే కంపెనీ అమ్మాయి ఎంతో నొచ్చుకుంటూ మా ఇంటిని జాబితాలోంచి తీసేస్తున్నామని చెప్పింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మజ్జిగ కలుపుకుంటూ, అక్కని తెచ్చేసుకుంటే పోలా అన్నారు. పప్పులో ఉప్పు తక్కువైంది అన్నట్టే అన్నారు. నేను పళ్ళెం విసిరేశాను. నిజంగానే విసిరేశాను, గోడకి తగిలింది. మర్నాడు ఆధారు అడ్రసు మార్చే ఫారం తెచ్చి, ఆయన చేత సంతకం పెట్టించి, పట్టుకుని మధురవాడ బస్సెక్కాను. వదిన మీద ప్రేమతో వెళ్ళానా, హోమ్‌స్టే నిలబెట్టుకుందామని వెళ్ళానా అంటే, రెండూ. విడదీసి చెప్పమంటే నాకు రాదు. కానీ ఆవిడ ఈ ఇంటి మనిషని కాగితం మీద రాయించి, ఆవిడ చేతిలో పెట్టి, కాళ్ళ మీద పడి తెచ్చుకోవాలన్నది మాత్రం నిజం.

హాస్టలు అపార్ట్‌మెంట్ల మధ్య నాలుగంతస్తుల మేడ. గేటు ముందంతా బైకులు. మధ్యాహ్నం భోజనాల వేళ. కింది హాల్లో పొడుగు బల్లలు, మెళ్ళో ఆఫీసు కార్డులతో ఆడపిల్లలు. పెద్దమ్మా, పెద్దమ్మా అని ఒకటే కేకలు. వదిన చారు గిన్నెతో బల్లల మధ్య తిరుగుతోంది. కొంచెం ఒళ్ళు చేసింది. నన్ను చూసి గిన్నె దింపి వచ్చింది. "ఏటమ్మీ, ఒంట్లో బాగుంతందా? తమ్ముడెలాగున్నాడు?" అంది. కుర్చీ లాగి కూర్చోబెట్టింది. అడక్కుండానే కంచం తెచ్చి అన్నం పెట్టింది.

నేను తినలేదు. బ్యాగులోంచి ఫారం తీసి ఆవిడ ముందు పెట్టాను. ఇంటి నంబరు చూపించాను, తమ్ముడి సంతకం చూపించాను. తప్పయిపోయింది వదినా, రండి ఇంటికి పోదాం అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆవిడ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకోలేదు. చెయ్యి తడిగా ఉందని చీరకి తుడుచుకుని, ఆ చేత్తో నా కంచంలో ఇంకొంచెం కూర వేసింది. "కాగితం మడిసి లోపలెట్టుకో అమ్మీ, సారు సుక్క పడద్ది" అంది.

మా ఎదురుగా కూర్చున్న పిల్ల ఒకతె నా ఏడుపు చూసి కంగారుపడింది. ఎవరు పెద్దమ్మా ఈవిడ, మీ వాళ్ళా అని అడిగింది. నేను కళ్ళు తుడుచుకుని, వదిన నోరు తెరిచేలోగా నేనే చెప్పేశాను, ఆవిడ తమ్ముడి భార్యని నేను, మా వదిన ఈవిడ అని. ఎప్పుడో చెప్పాల్సిన మాట, కొత్తవాళ్ళ ముందు, గట్టిగా, హాలంతా వినేలా చెప్పాను. ఆ పిల్ల నా మాట నమ్మాలో లేదో తెలియక వదిన మొహంలోకి చూసింది.

వదిన నా నెత్తి మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఇంతకు ముందు నాను వంట సేసినింటి అమ్మగారమ్మా. సానా మంచోల్లు. ఇంట్లో మనిషిలాగే సూసుకున్నారు" అని చెప్పి, చారు గిన్నె ఎత్తుకుని పక్క బల్లకి వెళ్ళింది.